తవుడు వాసన

చేప తల మీద కత్తి పడ్డప్పుడల్లా గౌరి భుజాలు అదురుతున్నాయి. ఏడాదిగా ఈ వంటింట్లో పనిచేస్తున్నా ఆ అదురు పోలేదు. గురుగ్రామ్‌లోని ఆ జపాన్ హోటల్లో ముందు గదిలోకి వచ్చినవాళ్లకు గుసగుసలే వినిపిస్తాయి. వెనక వంటిల్లు మాత్రం పొద్దున్నించీ యుద్ధమే. ఒకడు సుత్తితో ఐసు బద్దలు కొడతాడు, ఇంకొకడు మూకుళ్లు విసిరేస్తాడు. పెద్ద వంటవాడు బిష్ట్‌కైతే నోటికంటే ముందు చెయ్యి పలుకుతుంది.

గౌరి సింకు దగ్గర నిలబడి చిన్న చిన్న గాజు కప్పులు కడుగుతోంది. ఎడమచేతి బొటనవేలు వాచి వంకాయలా ఉంది. వేడినీళ్లు తగిలితే ప్రాణం జివ్వుమంటోంది. నిన్న రాత్రి మొగుడు కనకయ్య దాన్ని పట్టుకుని వెనక్కి విరిచాడు. యూనిఫారం చేతులు మణికట్టు దాకా ఉంటాయి, మిగతా దెబ్బలు బయటికి కనపడవు. ఆ చొక్కా ఎవరు కుట్టించారో గానీ, గౌరి పాలిట దేవుడే.

వాళ్లది విజయనగరం వైపు పల్లె. కనకయ్య ఢిల్లీలో ఒక ఆఫీసరుగారి కారు నడుపుతాడు. ఆర్.కె. పురంలో ఆ ఆఫీసరు క్వార్టర్ వెనక ఒంటిగదిలో కాపురం. ఆ గదిలోనే గౌరికి ఒక పక్కటెముక విరిగింది, కుడిచెవి సగం చెవుడైంది. కడుపులో ఉన్న బిడ్డ ఒక్క తన్నుకి పోయింది. అప్పుడు ఊరి నుంచి వచ్చిన తల్లి తల నిమిరి, “తాగినోడు కొడితే మొగుడు కొట్టినట్టు కాదే, సారా కొట్టినట్టు” అని చెప్పి రైలెక్కింది. గౌరి ఆ మాట పట్టుకుని బతికింది. తాగకపోతే ఆయన వెన్నపూస అని అందరికీ చెప్పింది. తాగని రోజున కొట్టినా, పాపం, సారా దొరకక ఒళ్లు తిక్కెక్కి ఉంటుందని తనే సర్దిచెప్పుకుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గౌరి కసంతా సీసా మీదే. కనిపించిన సీసానల్లా మురిక్కాలవలో వంచేసేది, దానికి మళ్లీ తన్నులు తినేది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక వైశాలి పిలిచింది. హైదరాబాదు అమ్మాయి, హోటల్లో తాగే సరుకంతా ఆమె చూసుకుంటుంది. గౌరిని సింకు దగ్గర నుంచి బయట వడ్డనకు మార్చాలని ఆమే పట్టుబట్టింది. వడ్డించేవాళ్లకు దగ్గర్లోనే ఆడవాళ్ల గదిలో మంచం కూడా ఇస్తారు.

“మంచం వద్దు మేడమ్. ఆయన తాగుడు మానేత్తాడు. మారతన్నాడు” అని గౌరి నెల రోజులుగా అదే పాట పాడుతోంది.

వడ్డించేవాళ్లు ప్రతి కొత్త సాకేనూ, అంటే ఆ జపాన్ బియ్యపు సారాని, ముందు రుచి చూడాలి. అది అక్కడి ఆచారం. బల్ల మీద కప్పులు, పక్కన ఊసెయ్యడానికి ఒక పింగాణీ గిన్నె ఉన్నాయి. సీసాలోది లేత పసుపు రంగులో ఉంది.

“మామూలుగా సాకేకి బియ్యం బాగా అరగదీస్తారు దీదీ, ఒక్కోసారి సగం దాకా. దీనికి పదో వంతే తీశారు. అంటే మన దంపుడు బియ్యం టైపు” అంది వైశాలి. “మింగక్కర్లేదు. నోట్లో తిప్పి ఇందులో ఊసేయండి, ఠీక్ హై?”

గౌరి కప్పు అందుకుంది. ఆ సరుకు కంపు ఆమెకు మొగుడి నోట్లోంచి తప్ప తెలియదు. మీద పడి గొంతు పట్టుకున్నప్పుడు వచ్చే కంపు అది. ఇన్నేళ్లుగా తనను కొడుతున్నదాని ముఖం ఒక్కసారి చూద్దామనిపించింది. ఊసెయ్యలేదు, మింగేసింది.

గొంతులో కాస్త వెచ్చగా, పుల్లగా దిగింది. ఆ తర్వాత ముక్కులోకి వాసన ఎక్కింది.

“ఏటనిపిస్తంది దీదీ?” అని వైశాలి ఆమె యాసలోనే అడిగింది.

“తవుడు వాసన మేడమ్. గేదెకి కుడితి కలిపినట్టుంది” అంది గౌరి.

వైశాలి పడీపడీ నవ్వింది. “గెస్టులకి అలా చెప్పకండి. నట్టీగా, బాదంపప్పులా ఉంటుందనండి చాలు.”

గౌరి ఇంకో కప్పు అడిగి తాగింది. చెవులు వేడెక్కాయి, కాస్త కూర్చోవాలనిపించింది. సింకు దగ్గరికి తిరిగొచ్చి నిలబడిందో లేదో, కప్పులు ఆలస్యమయ్యాయని బిష్ట్ గరిటె విసిరాడు. అది మోచేతికి తగిలి నొప్పి భుజం దాకా పాకింది. పక్కనే ఐసు సుత్తి ఉంది. గౌరి దాని వైపు చూస్తూ, తాగింది చెయ్యి లేపుతుందేమోనని ఎదురుచూసింది. కోపం వచ్చింది, బాగానే వచ్చింది. కానీ చెయ్యి దానంతట అది లేవలేదు. లేపాలంటే తనే లేపాలి. తాగినా అంతే.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. గరిటె కడిగి బిష్ట్ చేతికిచ్చింది.

సాయంత్రం మెట్రో దిగి ఇంటికి చేరేసరికి కనకయ్య గుమ్మంలోనే ఉన్నాడు. రాత్రికి ఆఫీసరుగారిని ఎయిర్‌పోర్టులో దింపాలి, అందుకని ఆ రోజు చుక్క ముట్టలేదు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే ముక్కు ఎగబీల్చాడు.

“ఏటే ఆ కంపు? ఎవుడితో తాగొచ్చినావు?”

“పనిలో రుసి సూడమన్నారు.”

అతను తలుపు మూశాడు. చేతి వాచీ విప్పి జాగ్రత్తగా టీవీ మీద పెట్టాడు. తాగి వచ్చిన రోజుల్లోనూ అంతే, వాచీ విప్పకుండా ఎప్పుడూ కొట్టలేదు. గౌరి అది రోజూ చూసింది, ఇవాళే కనిపించింది. ఒళ్లు తెలియని మైకంలో మనిషికి వాచీ ఎలా గుర్తుంటుంది? మొదటి దెబ్బ డొక్కలో పడింది. జుట్టు పట్టి గోడకేసి నెట్టి, వీపు మీద మోచేత్తో గుద్దాడు, పడిపోతే తొడల మీద తన్నాడు. ముఖం జోలికి పోలేదు. పొద్దున్నే ఆఫీసరుగారి భార్య చూస్తుందని అతనికి తెలుసు. ఆ లెక్క తాగినప్పుడూ తప్పలేదు. నేల మీద ముడుచుకుని గౌరి అవన్నీ వరసగా గుర్తు చేసుకుంది. ఇన్నాళ్లూ ఈ మనిషినా తను వెనకేసుకొచ్చింది? ఒంటి నొప్పి కంటే ఆ సిగ్గు ఎక్కువ బాధించింది.

అలిసిపోయాక కనకయ్య వాచీ పెట్టుకున్నాడు. “అయ్యగార్ని దింపొస్తాను. వచ్చేతలికి అన్నం వండుంచు” అని వెళ్లిపోయాడు.

కారు గేటు దాటిన చప్పుడయ్యాక గౌరి ఫోను తీసింది.

“మేడమ్, ఆ మంచం ఇంకా ఉందేటి?”

“ఉంది దీదీ. వచ్చేయండి” అంది వైశాలి.

రెండు చీరలు, ఆధార్ కార్డు, వాచిన వేలికి రాసుకునే నూనె సంచీలో వేసుకుంది. పొయ్యి మీద అలమరలో పప్పుల వెనక చెయ్యి పెట్టి ఒక రేకు డబ్బా తీసింది. తాగుడు మాన్పించే పొడి అది. మెట్రో స్తంభానికి అంటించిన ప్రకటన చూసి తెప్పించి, అతనికి తెలియకుండా రోజూ కూరలో కలుపుతోంది. మూత తీసి చూసి, అలాగే పొయ్యి గట్టు మీద పెట్టింది. తలుపు దగ్గరగా వేసి, కుంటుకుంటూ బస్టాపు వైపు వెళ్లింది.

గట్టు మీద డబ్బాలో పొడి ఇంకా సగం పైనే ఉంది, అందులో చిన్న చెంచా గుచ్చి ఉంది.