పాదం మీద పెదవులు

డా మ్యా యీ చనిపోయిన ఆరేళ్ళకు మాండలేలో మళ్ళీ కనబడింది, కొత్త హోటల్ గోడ మీద.

పక్కింటివాడు చెబితే ఆమె భర్త ఊ ఫో సీన్ నమ్మలేదు. వెళ్ళి చూస్తే ఆమే. ఇరవయ్యేళ్ళ వయసులో స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఎలా సంపాదించారో, దాన్ని చూసి గోడ నిండా బొమ్మ గీశారు. ఎడమ కనుబొమ మీది గాటు కూడా వదల్లేదు. బొమ్మలో ఆమె వంగి, బుద్ధుడి పాదాన్ని ముద్దు పెట్టుకుంటోంది. కింద ఇంగ్లీషులో నాలుగు పంక్తుల పద్యం.

ఊ ఫో సీన్ నలభై ఏళ్ళు సమ్మెటతో బంగారు రేకు కొట్టినవాడు. ప్రతి పౌర్ణమికీ ఆ రేకు పట్టుకుని ఇద్దరూ మహాముని బుద్ధుడి గుడికి వెళ్ళేవారు. విగ్రహం దగ్గరికి ఆడవాళ్ళను రానివ్వరు. ఆమె గీత ఇవతల కూర్చుని రేకు అతని చేతికిచ్చేది. అతను విగ్రహానికి అంటించి వస్తే, బాగా అంటుకుందా అని అడిగేది. ఆ గీత తప్పో ఒప్పో, ఆమె ఒక్కనాడూ దాటలేదు.

బొమ్మ చెరిపేయమన్నాడు. మేనేజరు కో తెట్ రంగూన్ కుర్రాడు. టీ తెప్పించి ఓపిగ్గా చెప్పాడు. వందేళ్ళ కిందట ఒక దొర రాసిన పద్యం వల్లే ఈ ఊరి పేరు లోకమంతా తెలిసిందట. వచ్చే దొరలందరికీ అది కంఠతా వచ్చట. అందులో ముద్దుపెట్టే పిల్ల ఉందట.

"ఆ దొర మన ఊళ్ళో ఎన్నాళ్ళున్నాడు?"

"అసలు రాలేదంట బాబాయ్. ఓడలో పోతా పోతా వేరే రేవుల్లో దిగాడంట."

"ఊరు చూడనోడు ఊరికి పేరు తెచ్చాడు. నా పెళ్ళాన్నీ చూశాడా?"

"కోపమెందుకు బాబాయ్? పెట్టింది బుద్ధుడికేగా."

ఊ ఫో సీన్ టీ ముట్టకుండా లేచాడు.

మర్నాడు రేకుల కట్టతో వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కుర్చీ ఎక్కి, ముందు ఆమె పెదవుల మీద అంటించాడు. తర్వాత బుగ్గ మీద, కనుబొమ మీది గాటు మీద. ముఖమంతా పోయేదాకా అంటించాడు. చుట్టూ దొరలు మూగి, కొందరు చేతులు జోడించారు, కొందరు ఫోటోలు తీశారు.

పరిగెత్తుకొచ్చిన కో తెట్, దొరల ముఖాలు చూసి ఆగిపోయాడు. చెవి దగ్గర మెల్లగా అన్నాడు. "రోజూ సాయంత్రం ఇలాగే చెయ్యండి బాబాయ్. రేకులు మేమే కొంటాం."

"రేపొస్తా. రేకు కాదు, సమ్మెట తెస్తా."

దొరలకు ఆ మాట అర్థం కాలేదు. చప్పట్లు కొట్టారు.