బెదిరింపు చిల్లు

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. గాజువాకలో రమణమూర్తి అద్దెకుండే రెండు గదుల ఇంట్లో, మంచం కింద ఉల్లిపాయలుండాల్సిన చోట అట్టపెట్టెలు చేరాయి. వాటి నిండా కార్డులు. కార్డుకొక వాక్యం, అంచు పొడవునా చిల్లులు. ప్రశ్నకొక చిల్లు, బతిమాలడానికొకటి, బెదిరింపుకొకటి. వాక్యం ఏ రకందైతే ఆ చిల్లును అంచుదాకా కత్తిరించాలి. తర్వాత ఆ రకం వాక్యాలు కావాలంటే కార్డులన్నీ కట్టగా పట్టుకుని, ఆ చిల్లులోంచి స్వెట్టర్లు అల్లే సూది దూర్చి ఎత్తితే చాలు. కత్తిరించినవి జలజలా రాలతాయి, తక్కినవి సూదికి వేలాడతాయి.

ఈ పని రమణమూర్తి భార్య గౌరీశ్వరికి అప్పగించింది యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పే గురునాథరావు. ఈ వైపు మాటతీరు మీద ఆయన పుస్తకం రాస్తున్నాడు. ఒక టేపురికార్డరు కూడా ఇచ్చాడు. పోర్టు గుమాస్తా భార్యగా, కాశమ్మ కోడలిగా తప్ప వీధికి తెలియని గౌరీశ్వరి బి.ఏ. చదివిందన్న సంగతి నలుగురికీ గుర్తొచ్చింది ఈ పెట్టెలతోనే.

అలాంటిది గురువారం నాడు ఆయన వచ్చి, "శనివారం చూస్తానమ్మా. గాజువాకలో బెదిరింపు వాక్యాలు దొరక్కపోతే ఈ పని ఎలమంచిలిలో ఒక మేష్టారికి ఇచ్చేస్తాను" అని చెప్పి వెళ్ళాడు.

గౌరీశ్వరి సూది దూర్చి ఎత్తింది. ఒక్క కార్డు రాలలేదు. కుదిపింది. ఊహూఁ.

గాజువాకలో బెదిరింపు లేకపోవడమేమిటి! కుళాయి దగ్గర బిందె జానెడు జరిగితే చాలు, వీధంతా హోరెత్తుతుంది. తప్పు మనుషులది కాదు, టేపుది. అది తిరగడం మొదలవగానే ప్రతివాళ్ళూ రేడియోలో వార్తలు చదువుతారు. అత్తగారు కాశమ్మైతే కొంగు సర్దుకుని, "నేను ప్రతిదినము ఉదయమున చేపలు కొనుచున్నాను" అని చెప్పి చెమట తుడుచుకుంది.

నాలుగు వాక్యాలు తనే రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? గౌరీశ్వరి కలం తీసింది, మళ్ళీ మూత పెట్టేసింది. ఎవరూ అనని మాటను కార్డెక్కించడం కందిపప్పులో రాళ్ళు కలపడం లాంటిది. అనిపించాలి గాని అల్లకూడదు.

మర్నాడు చేపల పోతమ్మ గంప దించే వేళకి, అరుగు మీద అందరికీ కనబడేలాగే రికార్డరు పెట్టి నొక్కింది.

కాశమ్మ గొంతు సవరించుకుంది. "పోతమ్మా, ఏ చేపలు తెచ్చియున్నారు?"

"వంజరములు తెచ్చితినమ్మా," అంది పోతమ్మ నిలువునా బిగుసుకుపోయి.

గౌరీశ్వరి గుమ్మానికి ఆనుకుని, ఎవరితోనూ కానట్టు అంది: "నిన్నటి పులుసు కుదరలేదు. తప్పు చేపదో, చేతిదో."

రెండు తలలూ ఒక్కసారి లేచాయి.

"సేపదేనే! మొప్ప సూత్తే నాకు తెలీదేటి?" అంది కాశమ్మ.

"ఓలమ్మో! ఇంకోపాలి నా సేప పాడన్నావంటే ఈ ఈదికే రాను. సిన్న నెత్తళ్ళ సేపలకి కూడా హార్బరు దాకా నడిసెల్దువు!"

"రేపు నా అరుగు మీద గంప దించినావంటే, గంపకి గంప మురుగులో పడేత్తాను!"

"నా గంప ముట్టుకున్నావంటే, నీ పులుసు సంగతి కూర్మన్నపాలెం దాకా సాటింపేత్తాను!"

గౌరీశ్వరి పెదవులు బిగబట్టి, టేపు తిరుగుతోందో లేదో వంగి చూసుకుంది. ఆ వంగడం కాశమ్మ కంట పడింది.

"ఆగే పోతమ్మా. మన మజ్జిన అగ్గెట్టిందెవులు?"

"ఇంకెవులు? నీ కోడలు గుంటే!"

"కోడలా! ఇంకోపాలి ఇలాటి ఏసాలేసినావంటే, నిన్ను మేడెక్కించీసి నిచ్చెన లాగేత్తాను!"

"ఇంకొక్కసారి అనండత్తయ్యా," అంది గౌరీశ్వరి. "మధ్యలో లారీ వెళ్ళింది."

శనివారం గురునాథరావు సూది దూర్చి ఎత్తాడు. కార్డులు ఆయన ఒళ్ళో పడ్డాయి, చాప మీద పడ్డాయి, ఒకటి కాఫీ గ్లాసులో మునిగింది. ఆయన ఒక్కొక్కటే చదువుతూ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వాపుకుని పెట్టె ఎత్తి చంకన పెట్టుకున్నాడు.

"హైదరాబాదు పెద్దలు ఇవి చూసి తీరాలి. అన్నీ తీసుకుపోతాను. మీ పని అయిపోయిందమ్మా, ఇక విశ్రాంతి తీసుకోండి."

దొరక్కపోతే పోతాయనుకున్న పెట్టెలు, దొరికినందుకు పోతున్నాయి. గౌరీశ్వరి చాప మీది కార్డులు ఏరుతూ తల దించుకుంది.

గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడింది కాశమ్మ.

"ఓ బాబూ! అరుపులు మాయి, రాత నా కోడలిది. నువ్వేటి మోసుకుపోతన్నావ్? ఆ పెట్టి గడప దాటించినావంటే, పోతమ్మా నానూ మీ యూనివరసిటీ గుమ్మంలో సేపల గంప దించీసి కూకుంటాం. సూడాలంటే ఆ పెద్దోల్లనే ఇక్కడికి రమ్మను!"

గురునాథరావు గరిటె వంక చూశాడు. పెట్టె కిందకి దించాడు. "అలాగేనమ్మా. వాళ్ళనే తీసుకొస్తాను. పని ఎప్పటిలాగే సాగనివ్వండి."

ఆయన వీధి మలుపు తిరిగాక గౌరీశ్వరి నవ్వాపుకోలేక, "అయ్యో అత్తయ్యా, అంత మంచి మాటన్నారు, నేను టేపు వెయ్యనేలేదు!" అంది.

"టేపు కోసం అన్నాననుకున్నావేటే?" అంటూ కాశమ్మ పులుసు కలపడానికి లోపలికి వెళ్ళిపోయింది.