అటు తిరిగిన వరుస

నేను ఒక కర్రను. ఆ మాట వినగానే బెత్తమో లాఠీయో అనుకుని చేతులు వెనక్కి దాచుకోనక్కరలేదు. నా జన్మలో నేనెవరినీ కొట్టలేదు. విశాఖపట్నంలోని ఒక కాన్వెంటు బడి హాలులో, కిటికీలకు ఎదురుగోడ పొడవునా, పిల్లల నడుము ఎత్తున, ఇనుప కొక్కేల మీద అడ్డంగా ఉంటాను. బ్యాలే నేర్చుకునే పిల్లలు ఒక చెయ్యి నా మీద ఆనించి, రెండో చెయ్యి గాలిలో చాచి, ఒంటికాలి మీద నిలబడడం సాధన చేస్తారు. బ్యాలే అంటే పాశ్చాత్యుల నాట్యం. మునివేళ్ళ మీద నడక, గాలిలోకి గంతు, బొంగరంలా గింగిరాలు. చూసేవాళ్ళకు దూదిపింజలా కనిపిస్తుంది. చేసేవాళ్ళ పిక్కలను అడిగితే అసలు సంగతి చెబుతాయి.

పుట్టుక చేత బర్మా టేకును. మొదట నన్ను ఓడవాళ్ళు కొన్నారు. మేడ తరగతి ప్రయాణికులకూ కింది తరగతి ప్రయాణికులకూ మధ్య అడ్డకమ్మీగా బిగించారు. ఇద్దరికీ ఒకే తుపాను వచ్చేది, ఒకే విధంగా కడుపులో తిప్పేది. అయినా కమ్మీ ఉండితీరాలి. ఓడను విరగ్గొట్టిన తరువాత రైల్వే ఉద్యోగుల క్లబ్బు చేరాను. అక్కడ దొరలు నాట్యమాడే నేలకూ, పళ్ళేలు పట్టుకుని బట్లర్లు నిలబడే నేలకూ మధ్య నన్ను నిలిపారు. మంచి కర్ర ఒకటి చేతికి దొరికితే చాలు, దానికి ఇటు కొందరినీ అటు కొందరినీ నిలబెట్టాలని మనుషులకు ఎందుకు తోస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. క్లబ్బు మూతపడ్డాక కాన్వెంటు సిస్టర్లు కొని తెచ్చుకున్నారు. సింహాద్రి మేస్త్రి నా మూలలకు చిత్రిక పట్టి, పిల్లల అరచేతికి సరిపడేలా గుండ్రంగా నునుపు చేసి, గోడకు బిగించాడు. "ఇంక దీనికి అటుపక్క గోడే. మనుసులందరూ ఇటేపే," అన్నాడు తృప్తిగా. పాపం, అతనికి బడి సంగతి తెలియదు.

ఆ బడికి రెండు గేట్లు. పెద్ద గేటు గుండా ఇంగ్లీషు మీడియం పిల్లలు వచ్చేవారు. వారిది ఏ సెక్షను. వెనక గేటు గుండా తెలుగు మీడియం పిల్లలు వచ్చేవారు. వారిది సీ సెక్షను, ఫీజు లేని ధర్మచదువు. హాలులో ఇద్దరికీ పీరియడు ఉండేది. ఏ సెక్షనువారి పీరియడు పేరు బ్యాలే. దానికి ముందు సీ సెక్షనువారిది, దాని పేరు సమాజసేవ. అంటే, రాబోయే పిల్లల పాదాలకు దుమ్ము అంటకుండా నేల తుడిచి, నాకు మైనం రాసి మెరుగు పెట్టి వెళ్ళిపోవడం. సమాజమంటే ఏ సెక్షను ఒక్కటేనా అని అడిగినవారు లేరు.

బ్యాలే నేర్పడానికి ఎస్తేరు మిస్సు వచ్చింది. సన్నగా, నిటారుగా, మాట తూచినట్టు పలికే మనిషి. మద్రాసులో ఒక దొరసాని దగ్గర బ్యాలే నేర్చుకుంది, కాలేజీలో లెక్కలు చదివింది. ఆ రెండింటినీ విడివిడిగా ఉంచడం ఆమెకు చేతకాలేదు. మడమలు కలిపి పాదాలు విప్పమనేది. "మీ రెండు పాదాల మధ్య ఉన్నది ఏ కోణం?" అని అడిగేది. చేతులు చాచి తిరిగితే నిదానంగా, గుండెకు హత్తుకుని తిరిగితే వేగంగా ఎందుకు తిరుగుతామో అడిగి, అక్కడినుంచి భౌతికశాస్త్రంలోకి నడిపించేది. మోకాలు వంచడంతో ఎముకల పాఠం, ఇరుసు మీద తిరగడంతో భూగోళం. బడిలో ఏ పాఠం చెప్పినా, అది నా పక్కన ఒకసారి నిలబడి వెళ్ళవలసిందే.

ఒకనాడు తెలుగు ఛందస్సును కూడా కాళ్ళకు ఎక్కించింది. గురువు వచ్చినచోట పాదం నేల మీద సాగదీసి జార్చాలి, లఘువు వచ్చినచోట మునివేలితో ఒక్క తాటింపు. తెలుగు పండితులు పేరిశాస్త్రిగారు గుమ్మంలో ఆగిపోయారు.

"ఎంత పని చేశావు ఎస్తేరమ్మా! ఉత్పలమాలకు గౌను తొడిగావూ?"

"తొడిగి చూద్దాం మాస్టారూ. నప్పకపోతే మీరే తీసేయండి."

ఆయన కోపంగానే కూర్చున్నారు. రెండో పాదానికి గొడుగు పిడితో నా మీద తాళం వేశారు. మూడో పాదానికి, "యతి దగ్గర చిన్న గెంతు గెంతించమ్మా, అందంగా ఉంటుంది," అన్నారు.

ఎస్తేరు మిస్సు అక్కడితో ఆగి ఉంటే అందరికీ సుఖంగా ఉండేది. ఆమె సీ సెక్షను తుడిచే పీరియడుకు కూడా రావడం మొదలుపెట్టింది. గుడ్డలు పక్కన పెట్టించి, వాళ్ళనూ నా పక్కన వరుసగా నిలబెట్టి, అవే పాఠాలు, అదే పద్యం నేర్పింది.

ఆ వరుసలో నూకరత్నం ఉండేది. ఏడో తరగతి. తల్లి జెట్టీ దగ్గర చేపలు అమ్ముతుంది. పిల్లకు లెక్కలు అసలు రావు. ఈసారి తప్పితే రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పెట్టేస్తానని తల్లి తేల్చి చెప్పింది. రొయ్యల షెడ్డు ఊసెత్తితే ఆ పిల్ల చెయ్యి నా మీద బిగుసుకునేది. పలక మీద కోణం చూస్తే బిక్కచచ్చిపోయే పిల్ల, తన పాదాల మధ్య కోణాన్ని మాత్రం చేపను చూసినంత సులువుగా పోల్చుకుంది. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో మోకాలే చెప్పేది.

ఈ సంగతి విని ఏ సెక్షను తండ్రులు కొందరు అభ్యంతరం చెప్పారు. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ బెర్నార్డా ఎస్తేరు మిస్సును పిలిచి, "అది తుడిచే పీరియడు, తుడవనివ్వండి," అన్నది. సిస్టర్ చెడ్డ మనిషి కాదు. తండ్రులంటే భయం, అంతే. మరునాటి నుంచి నూకరత్నం చేతిలోకి మళ్ళీ గుడ్డ వచ్చింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

ఈలోగా విద్యాధికారి భుజంగరావుగారు చూడవస్తున్నారని కబురు. ఆయన మెచ్చితే ఈ బ్యాలే పాఠం టైమ్‌టేబుల్లో ఖాయమవుతుంది, మెచ్చకపోతే రద్దవుతుంది. సరిగ్గా అప్పుడే ఏ సెక్షను హాస్టలులో గవదబిళ్ళలు అంటుకున్నాయి. బుగ్గలు బూరెల్లా పొంగిన పిల్లలంతా పక్కల మీద ఉన్నారు. సగం కర్ర ఖాళీ. సిస్టర్‌కు దిక్కుతోచక, సీ సెక్షను నుంచి కొందరిని పిలిపించి, ఎరువు తెచ్చిన గౌన్లు తొడిగించి, వరుస చివర నిలబెట్టింది.

"మీరు వెనకే ఉండాలి. ముందువాళ్ళను చూస్తూ చేస్తే చాలు. ఎవరైనా అడిగితే ఏడు ఏ అని చెప్పండి," అన్నది.

రోజూ అసెంబ్లీలో పిల్లలను నిలబెట్టే అలవాటు ఆమెది. ముందు అంటే ఎప్పటికీ ముందే, వెనక అంటే ఎప్పటికీ వెనకే అని నమ్మింది. బ్యాలేలో ఏదీ ఒక్కవైపే చేసి వదిలిపెట్టరని ఆమె ఎన్నడూ గమనించలేదు. ఎడమచెయ్యి నా మీద పెట్టి చేసినదంతా, తిరిగి నిలబడి, కుడిచెయ్యి పెట్టి మళ్ళీ చెయ్యాలి.

అధికారిగారి కుర్చీ వరుస మొదట వేశారు. ఎదురుగా ఏ సెక్షను పిల్ల, ఒక కాంట్రాక్టరుగారి అమ్మాయి రోషిణి. అంతా చక్కగా జరిగింది. అప్పుడు ఎస్తేరు మిస్సు మామూలుగా, రోజూ చెప్పినట్టే, "అటు తిరగండి," అన్నది.

వరుసంతా ఒక్కసారి తిరిగింది. చిట్టచివర నిలబెట్టిన నూకరత్నం అందరికంటే ముందు అయింది. ఆమె ముందు చూసి చెయ్యడానికి ఇక ఎవరూ లేరు, ఎదుటి గోడ తప్ప. భుజంగరావుగారు వీపులు చూస్తూ కూర్చోలేక, కుర్చీ ఎత్తించుకుని ఈ చివరికి వచ్చారు. వెనకే సిస్టర్, జపమాల తిప్పుతూ.

ఆ పిల్ల చెమట నాకు తెలుస్తూనే ఉంది. పక్కన నిలబడ్డ పేరిశాస్త్రిగారు పద్యం అందుకున్నారు. మొదటి గురువు దగ్గర ఆమె పాదం తడబడింది. ఆగింది. "తప్పయిపోనాది మాస్టారండీ, మల్లీ సదవండి," అన్నది. ఆయన మళ్ళీ చదివారు. ఈసారి పాదం సాగింది, తాటింది, యతి దగ్గర ఎగిరింది. వెనకవాళ్ళంతా ఆమెనే అనుసరించారు, రోషిణితో సహా.

"బాగుంది. ఈ ఎగురుళ్ళకీ లెక్కలకీ ఏమిటమ్మా సంబంధం?" అన్నారు అధికారి.

నూకరత్నం కిందికి చూపించింది. "ఇదిగో సార్, ఇలాగుంటే లంబకోణం. ఇంకా తిప్పీస్తే సరళకోణం. కానీ నా కాళ్ళు అంత తిరగవు. బలవంతాన తిప్పితే మోకాలు పోద్ది, మిస్సు తిట్టీస్తారు."

ఆయన పకపకా నవ్వారు. "ఏ సెక్షనమ్మా నీది?"

సిస్టర్ చూపు ఆ పిల్ల మీదే ఉంది. అబద్ధమాడితే పాఠం ఖాయమవుతుంది, ఏ సెక్షనుకు. నిజం చెబితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నా మీద ఉన్న చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, వదిలింది.

"ఏడు సీ సార్. ఆళ్ళకి గవదబిళ్ళలొచ్చాయని మమ్మల్ని ఎరువు తెచ్చారు."

"మరి మీకు ఈ హాలులో పీరియడు లేదా?"

"ఉంది సార్. తుడిచే పీరియడు. మిస్సు కొన్నాళ్ళు పాఠం సెప్పారు, మానిపించీసారు. నాకు లెక్కలు ఇక్కడే వొస్తాయి సార్. ఇక్కడ నిలబడనివ్వకపోతే నాను తప్పిపోతాను."

భుజంగరావుగారు సిస్టర్ వైపు తిరిగి, "సేవ మంచిదేనండీ. అంత మంచిది ఒక్క సెక్షనుకే ఎందుకు పెట్టారు? రెండు పీరియడ్లూ ఇద్దరికీ ఉంటే ఖాయమని రాసి వెళతాను. లేదంటే రెండూ కొట్టేస్తాను," అన్నారు.

సిస్టర్ బెర్నార్డా చేతిలోని జపమాల ఆగింది. నేను ఎందరో దొరలను చూశాను, గానీ ఒక మనిషి తన భయాన్ని అంత దగ్గరగా నిలబెట్టి చూసుకోవడం అప్పుడే చూశాను. "ఇద్దరికీ రాయండి," అన్నది.

మరునాడే కాంట్రాక్టరుగారు కారు దిగారు. "మా అమ్మాయి చేత నేల తుడిపిస్తారా సిస్టర్?"

"తుడిపిస్తాం. కర్ర కూడా తుడవాలి. రేపే తన వంతు. పాత గుడ్డ ఒకటి పంపండి," అన్నది సిస్టర్. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన విసురుగా కారెక్కారు. కొందరు తండ్రులు పిల్లలను మాన్పించారు కూడా. రోషిణిని మాత్రం మాన్పించలేకపోయారు. మాన్పిస్తానంటే ఆమె ఇంట్లో అన్నం మానేసిందట.

రోషిణి మైనం రాసిన తీరు ఘోరం. నా ఒళ్ళంతా మరకలు చేసింది.

"ఓలమ్మా, అలాగ్గాదే! టేకు గీతలెటుంటే అటే రుద్దాల," అని నూకరత్నం గుడ్డ లాక్కోబోయి, ఆగి, తిరిగి ఇచ్చేసింది. "నీ వొంతు. నువ్వే సెయ్యి."

రోషిణి రుద్దింది. రుద్దుతూనే, "రేపు అటు తిరిగినప్పుడు ముందు నువ్వే కదా. నాకు ఆ పద్యం సరిగా రాదు. కొంచెం నెమ్మదిగా వెళ్ళవూ?" అన్నది.

"నెమ్మదిగా ఎలాగెల్తానే? నీకోసం లఘువుని గురువు సేసీనా? ఇంటికాడ సాధన సేసుకుని రా," అన్నది నూకరత్నం.