తలుపవతల చప్పుడు

కోసిన పియర్ ముక్కల పళ్ళెం చేత్తో పట్టుకుని, మిరాన్ కూతురి గది తలుపు ముందు ఊపిరి బిగబట్టి నిలబడింది.

పొద్దున చీకటితో, కాలేజీ సీట్ల కోసం రాసే సునుంగ్ పరీక్షకి వెళ్ళిన నారే, చీకటి పడ్డాక ఇల్లు చేరింది. బూట్లు విప్పి, అమ్మతోగాని నాన్నతోగాని ఒక్క ముక్కయినా మాట్లాడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇప్పుడు లోపల, నెట్‌లో పెట్టిన సరైన జవాబులు చూస్తూ, ఎర్ర పెన్ను పట్టుకుని తన జవాబులు తనే దిద్దుకుంటోంది. ఒప్పయితే సున్నా చుట్టాలి, తప్పయితే ఏటవాలుగా గీత కొట్టాలి. సున్నాకి పెన్ను కాగితం మీద మెల్లగా తిరిగిన చప్పుడవుతుంది. గీతకి చర్రుమని ఒకటే చప్పుడు. ఈ తేడా మిరాన్ పోయినేడు ఇదే తలుపు దగ్గర నేర్చుకుంది. ఆ రోజు చర్రు చర్రుమంటూ గీతలే గీతలు. చివరికి పెన్ను గోడకి తగిలిన చప్పుడు.

ఈసారి సున్నా. మళ్ళీ సున్నా. ఇంకో సున్నా. గీత. అంతలో మళ్ళీ సున్నా, సున్నా, సున్నా.

హాల్లో టీవీ నోరు నొక్కేసి కూర్చున్న భర్త తేసిక్ మెడ చాచి, పెదవులతోనే "ఎలా ఉంది?" అని అడిగాడు. కదలొద్దన్నట్టు మిరాన్ అరచెయ్యి చూపించింది.

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది.

"పండు తెచ్చాను. ఇప్పుడే వచ్చాను," అంది మిరాన్.

అంచులు నల్లబడిపోయిన ముక్కల్ని నారే చూసింది. ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని ముఖం.

"నాన్నా, వెటర్నరీ వస్తుందేమో."

తేసిక్ ఒక్క గంతులో సోఫా మీంచి లేచాడు. "వస్తుందేమో ఏంటే, సరిగ్గా చెప్పు!"

"పోయినేడు కటాఫ్ కంటే ఎక్కువే ఉన్నాయి. ఏడు మార్కులు ఎక్కువ."

"చూశావా! నెల రోజులు మీ అమ్మ ఇంట్లోనే కాదు, కొట్లో కూడా నాచు సూపు వండలేదు. ఆ జారుడు సూపు తాగితే పరీక్షలో ఎక్కడ జారిపోతావో అని. వచ్చినవాళ్ళంతా ఇదేం కూరల కొట్టమ్మా అని తిట్టిపోయారు!"

నారే ఫక్కున నవ్వింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది. మిరాన్ కూడా నవ్వబోయింది. సగం నవ్వు ముఖం మీద ఉండగానే సెప్టెంబరు నెల గుర్తొచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, పొయ్యి మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఏం జరిగిందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

కాలేజీల్లో సీట్లకి రెండు విడతలుంటాయి. స్కూలు మార్కులు చూసి ఇచ్చేది ముందు విడత. సెప్టెంబరులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్ద పరీక్ష మార్కులు చూసి ఇచ్చేది అసలు విడత, ఏడాది చివర్లో. పోయినేడు అసలు విడతలో మూడు కాలేజీలూ కాదన్నాక, నారే ఈసారి ముందు విడత జోలికి పోనని తెగేసి చెప్పింది. "వెనక పరుపు వేసి ఉంటే ఎవరైనా ముందుకు దూకుతారా అమ్మా?" అంది. కానీ సెప్టెంబరులో స్నానాలగదిలో జాలీ నిండా దాని జుట్టే. నీళ్ళ చప్పుడులో కలిపేసి పిల్ల వెక్కి వెక్కి ఏడవడం మిరాన్ చెవులారా వింది. మూడోసారి కూడా చదవాల్సొస్తే ఈ పిల్ల బతుకుతుందా అనుకుంది. ఆ మధ్యాహ్నమే తన వండిన కూరల కొట్టు వెనక కూర్చుని, ముందు విడతలో నారే పేరుతో ఒక దరఖాస్తు పెట్టేసింది. ఊరి చివర కొండవాలు మీది చిన్న కాలేజీ. ఆహార పోషణ కోర్సు. ఇంటర్వ్యూ లేదు, వ్యాసం లేదు, స్కూలు మార్కులు చాలు.

నారే పాస్‌వర్డ్ ఆమె దొంగిలించలేదు. పోయినేడు ఫలితాలు చూసే ధైర్యంలేక, "నువ్వే చూసి చెప్పు అమ్మా," అని పిల్లే ఇచ్చింది. ఆ మూడు 'కాదు'లూ మిరానే చూసింది, మిరానే చెప్పింది.

ఇప్పుడు ఆ చిన్న కాలేజీ 'రా' అంటే చాలు, అంతా మట్టిలో కలుస్తుంది. ముందు విడతలో ఒక్క సీటు వచ్చినా, చేరినా చేరకపోయినా, అసలు విడతకి అర్హత పోయినట్టే. 'ఎత్తుకుపోయారు' అంటారు అలాంటి పిల్లల్ని.

మర్నాడు పొద్దున సోయాలో ఉడుకుతున్న తామరదుంపలు మాడిపోతున్నా పట్టించుకోకుండా, మిరాన్ కొట్టు వెనక సందులోంచి కాలేజీకి ఫోను చేసింది.

"దరఖాస్తు వెనక్కి తీసుకోవాలండీ."

"ఫీజు కట్టేశాక వెనక్కి తీసుకోవడం కుదరదమ్మా," అంది అవతలి అమ్మాయి.

"పిల్ల పెట్టలేదండీ, నేను పెట్టాను. దానికి తెలియదు."

అవతల ఓ నిట్టూర్పు. "అలా అయితే ఇంకో చిక్కమ్మా. ఒకరి బదులు ఒకరు పెట్టకూడదు. నేను విననట్టే ఉంటాను. పరీక్ష అయి ఒక్క రాత్రే గడిచింది, పొద్దుటినుంచి ఫోన్లు చేసిన అమ్మల్లో మీరు నాలుగోవారు."

"మిగతా ముగ్గురికీ ఏం చెప్పారు?"

"ఇదే చెప్పానమ్మా. మీ అమ్మాయి స్కూలు మార్కులెంత?"

మిరాన్ చెప్పింది. కాసేపు కీబోర్డు టకటకలు. "పోయినేడైతే... అంచుమీద ఉండేది. రావచ్చు, రాకపోవచ్చు. జాబితా డిసెంబరు మధ్యలో."

ఆ శనివారం కొట్లో చలికాలం కిమ్చీ పెట్టారు. ఉప్పులో ఊరిన క్యాబేజీలు తొట్ల నిండా ఉన్నాయి. తేసిక్ అక్క బొక్సన్ చేతులకి ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని ఒక పీట మీద, ఎండుచేపల కొట్టావిడ ఇంకో పీట మీద కూర్చుని ఆకు ఆకుకీ కారం పూస్తున్నారు. నారే వాళ్ళ మధ్య చేరి ముల్లంగి తరుగుతోంది.

"డాక్టరమ్మా, ముక్కలు సన్నగా తరుగు. రేపు పిల్లులకి కుట్లు వేసే చెయ్యి అది," అంది బొక్సన్.

"ఇంకా రాలేదు అత్తా, దిష్టి పెట్టకు."

"ఎందుకు రాదు? ఈ సందులో పిల్లులన్నీ నువ్వేసిన ఎండుచేపల తలకాయలు తిని బతుకుతున్నాయి. అవే వరుసలో నిలబడి సిఫారసు చేస్తాయి."

ఎండుచేపల ఆవిడ గొంతు తగ్గించింది. "మా వీధిలో ఒకడున్నాడు. పోయినేడు పరీక్ష బంగారంలా రాశాడు. ఏం లాభం? వాళ్ళమ్మ పట్టుబట్టి ముందు విడతలో ఏదో కాలేజీకి పెట్టించింది. వాళ్ళు ఎత్తుకుపోయారు. అప్పటినుంచి వాడు తల్లితో కలిసి భోజనానికి కూర్చోడట."

"కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని," అంది బొక్సన్. "ఆ తల్లి ముఖం ఎలా చూపిస్తుందో!"

"పాపం అత్తా," అంది నారే ముల్లంగి మీంచి తలెత్తకుండా. "అయినా వాడు ఒప్పుకునే కదా పెట్టాడు. వాడి తప్పు కూడా ఉంది."

మిరాన్ చేతిలో ఉన్న కారం గిన్నె తొట్టిలోకి జారింది.

"వదినా, కళ్ళలో కారం పడింది," అని చెప్పి కుళాయి దగ్గరికి పరుగెత్తింది. చాలాసేపు ముఖం కడుక్కుంది. ఇవాళ చెప్పేయాలి అనుకుంది. పిల్ల నవ్వుతోంది, ఇవాళ వద్దు అనుకుంది. జాబితాలో పేరు లేకపోతే అసలు చెప్పాల్సిన పనే లేదు అని కూడా అనుకుంది.

పోయిన వందరోజుల్లో మిరాన్ పల్గాంగ్ కొండ మీది రాతి టోపీ బుద్ధుడి దగ్గరికి పదకొండుసార్లు వెళ్ళింది. వెయ్యికి పైగా మెట్లు. మనసారా కోరితే ఒక్క కోరికైనా తీరుస్తాడని తల్లులంతా అక్కడే సాష్టాంగాలు పెడతారు. డిసెంబరు మొదటివారంలో మార్కుల కాగితం వచ్చింది. నారే దిద్దుకున్న మార్కులే వచ్చాయి. ఆ మర్నాడు పన్నెండోసారి ఎక్కింది. మెట్లమీద మంచు గడ్డకట్టింది. చుట్టూ నూరుమంది తల్లులు "మా వాడికి సీటు రావాలి" అని గొణుగుతూ లేచి వంగుతున్నారు. వాళ్ళ మధ్య మోకాళ్ళమీద కూర్చుని మిరాన్, మా పిల్లకి సీటు రాకూడదు, అని కోరింది. పెదవులు కదిలితే పక్కావిడ వింటుందేమోనని పళ్ళు బిగించి కోరింది. మొన్నటిదాకా ఏదో ఒక సీటు ఇమ్మని అడిగింది కూడా ఇక్కడే. దేవుడు ఏ మాట పట్టుకుంటాడు?

మొదటి జాబితా వచ్చిన రోజు కొట్టు వెనక సందులో ఫోను తెర మీద నొక్కింది. సీటు రాలేదు. మిరాన్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. అప్పుడు కింద వరుస కనబడింది: నిరీక్షణ సంఖ్య 7.

పైవాళ్ళు ఏడుగురు వద్దంటే నారే వంతు. రెండురోజుల తర్వాత చూస్తే 5. ఆ మర్నాడు 4. ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్లలు పెద్ద కాలేజీల్లో సీట్లు తెచ్చుకుని ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఈపాటికి విందులు జరుగుతూ ఉంటాయి. మిరాన్ వండిన కూరల్లో ఉప్పు ఎక్కువైంది, ఒకరోజు అసలు వెయ్యడమే మరిచిపోయింది. "నారే అమ్మా, నీ పిల్ల గట్టెక్కింది కదా, ఇంకా దేనికి దిగులు?" అని కొనేవాళ్ళు అడిగారు.

ఆఖరి జాబితాకి ముందురోజు సంఖ్య 2 అయింది.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ. నారే కూరల డబ్బాలకి మూతలు బిగిస్తోంది.

"నారే, ఒక మాట చెప్పాలి."

"ఏంటి, సందులో పిల్లి ఈనిందా?"

మిరాన్ చెప్పింది. సెప్టెంబరు, జాలీలో జుట్టు, కాలేజీ, నిరీక్షణ సంఖ్య. ఒక్కటీ దాచలేదు. నారే చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

"ఏ కోర్సు?"

"ఆహార పోషణ."

"పోషణ," అంది నారే. మూత డబ్బా మీద పెట్టి నాలుగు మూలలా నొక్కింది. "నేను మళ్ళీ తప్పుతాననుకున్నావు."

"అనుకోలేదమ్మా. భయపడ్డాను."

"తేడా ఏంటి?"

పిల్ల కేకలేస్తే బాగుండును అనుకుంది మిరాన్. నారే కేకలెయ్యలేదు. ఇంకో డబ్బా తీసుకుంది.

"ఎత్తుకుపోయారనుకో, చెప్పేదానివేనా? లేకపోతే నేను అసలు విడతలో పెట్టుకుని, సీటు వచ్చి, అది రద్దయ్యేదాకా ఊరుకునేదానివా?"

"చెప్పేదాన్ని."

"రేపు ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరింటికి."

"నువ్వు చూడకు. నేను చూసుకుంటాను."

మర్నాడు ఐదింటికే కొట్టు మూసేశారు. ఇంట్లో నారే బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిరాన్ ఎదురుగా కూర్చుంటే తల తిప్పుకుంది, పక్కన కూర్చుంటే కుర్చీ జరుపుకుంది. చివరికి మిరాన్ గిన్నెల దగ్గర నిలబడింది. ఆరుకి పది నిమిషాలుండగా ఫోను మోగితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సిటీ బస్సు నడిపే తేసిక్, ఆఖరి స్టాపు నుంచి.

"వచ్చిందా?"

"ఇంకా లేదండీ."

"రాత్రి నువ్వు చెప్పినప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను. చెప్పి చెయ్యాల్సింది కదే..."

"పెట్టేయండి," అంది మిరాన్.

ఆరు. నారే నొక్కింది. తెర మీద తెల్లటి చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. ఇంతమంది ఒకేసారి చూస్తారు కాబోలు. బుద్ధుడికి ఏ మాట చెప్పాలో కూడా మిరాన్‌కి తోచలేదు.

చక్రం ఆగింది. నారే ల్యాప్‌టాప్‌ని తల్లివైపు తిప్పింది.

నిరీక్షణ సంఖ్య 1. భర్తీ ముగిసినది.

మిరాన్ నేల మీద చతికిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"ఏడవకు," అంది నారే. "ఒక్కళ్ళు అమ్మా. ఇంకొక్కళ్ళు మనసు మార్చుకుని ఉంటే..." ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, తల్లి చూస్తుండగానే పాస్‌వర్డ్ మార్చింది.

ఏడాది ఆఖరి రోజు అసలు విడత దరఖాస్తులు మొదలయ్యాయి. నారే పొద్దున్నే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తండ్రితో మాట్లాడుతోంది. తల్లి అడిగినదానికి అవుననో కాదనో చెబుతోంది. మూడు కాలేజీలు. ఫలితాలు ఫిబ్రవరిలో. ఏడు మార్కులు ఎక్కువే అయినా, ఈసారి అందరికీ ఎక్కువ వచ్చాయని వార్తల్లో చెబుతున్నారు.

మిరాన్ పియర్ పండు కోసింది. నల్లబడకుండా ఉప్పునీళ్ళలో ముంచి తీసింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. లోపల కీబోర్డు చప్పుడు. కాసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. సున్నాకీ గీతకీ తేడా తెలిసే చప్పుడు కాదు అది. ఏ కాలేజీ పెడుతోంది, ఏ వరుసలో పెడుతోంది, ధైర్యం చేస్తోందా, భయపడుతోందా? మిరాన్ ఊపిరి బిగబట్టి చెవి ఆనించింది.

"అమ్మా," అంది నారే లోపలినుంచి. "అక్కడ నిలబడకు. నీ ఊపిరి వినబడుతోంది."

మిరాన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"పోయినేడు కూడా వినబడింది," అంది నారే. "పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళు."

మిరాన్ పళ్ళెం గుమ్మం ముందు నేల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా దాని ముందే నిలబడింది.