కాగితం కీబోర్డు

పిండి పిసుకుతున్న స్వరూప వేళ్లు వాటంతటవే విడివిడిగా ఆడుతుంటే అత్త సత్తెమ్మ చూసి నవ్వింది. "పిండికి చక్కిలిగింతలు పెడుతున్నవా ఏంది?"

ఆ అలవాటు కంప్యూటర్ కోర్సు చలవే. పటాన్‌చెరు అంగట్లో గొడుగు కింద కూర్చుని ఒకతను దాన్ని అమ్మాడు. కంప్యూటర్ కొనక్కర్లేదమ్మా, పాఠాల పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టుకుని చూస్తే చాలు, వేళ్లకు అలవాటు కావడానికి మీటల బొమ్మ అచ్చేసిన కాగితం కీబోర్డు ఇస్తాం, కోర్సు కాగానే ఉద్యోగం ఖాయం అన్నాడు. స్వరూప కంటే ముందే తలూపింది ఆమె భర్త రాజశేఖర్. పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో అతనిది షిఫ్టుల పని. "ఇంట్ల కూసొని నేర్సుకునుడు మంచిదే. ఏ పనీ ఆగది" అన్నాడు. మొగుడు ఒప్పుకున్నాడని అప్పుడు మురిసిపోయింది కూడా, పిచ్చిది.

నిజమే, ఇంట్లో ఏ పనీ ఆగలేదు. ఆగిందల్లా పాఠమే. టీవీ ఖాళీగా ఉన్నప్పుడు పొయ్యి మీద పప్పు పొంగేది. పప్పు దించేసరికి అత్త సీరియల్ మొదలయ్యేది. నైట్ డ్యూటీ చేసొచ్చి రాజశేఖర్ పడుకుంటే, సౌండు తీసేసి, పాఠం చెప్పే మనిషి పెదాలు చూస్తూ నేర్చుకునేది. అర్థం కాక ఫోన్ చేస్తే మళ్లీ చూడండి మేడమ్ అనేవారు. కొన్నాళ్లకు ఫోన్ ఎత్తడమే మానేశారు. అయినా తనకే బుర్ర లేదనుకుంది గానీ కోర్సును అనుమానించలేదు. తప్పు తన మీద వేసుకోవడం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నిన్న అట్టపెట్టెల కంపెనీలో డేటా ఎంట్రీ పనికి పిలిస్తే వెళ్లింది. నిజం కంప్యూటర్ ముందు కూర్చోవడం అదే మొదలు. తెర నల్లగా ఉంది. ఎక్కడ నొక్కితే వెలుగుతుందో తెలియలేదు. టీవీ పాఠాల్లో అదెప్పుడూ వెలిగే ఉండేది. అక్కడి అమ్మాయి జాలిపడి ఆన్ చేసింది. కాగితానికి అలవాటైన వేళ్లు మీటల మీద బరువుగా పడి, ఒకే అక్షరం వరస నిండా పాకింది. బాగా నేర్చుకుని రండమ్మా అన్నారు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకునే కూర్చుంది.

ఇంటికొచ్చి చెబితే రాజశేఖర్ తేలిగ్గా తీసేశాడు. "పోనీ తియ్. ఇల్లేమన్న ఆగిందా?"

ఆ మాటే నిన్నటి నుంచీ లోపల నలుగుతోంది. అమ్మినవాడు మోసగాడే. కానీ ఆ కోర్సులో ఇంట్లోవాళ్లకు నచ్చింది కంప్యూటర్ కాదు, తను గడప దాటకపోవడం. అది తెలిశాక ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

పిండి సగంలో వదిలేసి చేతులు కడుక్కుంది. కాగితం కీబోర్డు తెచ్చి నూనె డబ్బా కింద పరిచింది.

"రేపటి సంది పటాన్‌చెరుల కంప్యూటర్ క్లాసుకు పోతున్న. పొద్దుగాలనే."

రాజశేఖర్ ఫోన్‌లోంచి తలెత్తాడు. "మరి వంట?"

స్వరూప పిండి పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంట్ల కూసొని నేర్సుకునుడు మంచిదే అంటివి గదా" అంది. "నేర్సుకో."