ఆరున్నొక్కటి

మా ధాన్యం గోడౌను ఉదయం నుంచి పొడుగవుతోంది. పదింటికి నూట ఇరవై అడుగులున్నది పన్నెండుకు నాలుగు వందలైంది. చివరి గోడ దగ్గర నా కూతురు హిమజ డ్రమ్స్ వాయిస్తోంది. గోడతోపాటు తనూ దూరమవుతోంది.

తప్పంతా కొత్త ఆల్బమ్‌ది. హిమజ మెటల్ బ్యాండ్ పాత ఆల్బమ్‌లు రెండూ నిండు బస్తాలు. గిటార్లన్నీ ఒక్కసారి దిగితే కాటా మీద ఎనభై కిలోలు తూగేవి. విన్నవాడికి సరుకు ముట్టేది. కొత్తదాంట్లో మధ్యమధ్య ఖాళీలు పెట్టారు. గిటార్లు ఆగుతాయి, ఎవరో ఊపిరి పీలుస్తారు, మళ్ళీ మొదలవుతుంది. బరువు ఒక మూలన పడి ఉంటుంది. ఖాళీకే చోటు కావాలి. ఒక్కో ఖాళీకి గోడౌను పదకొండు అడుగులు పెరుగుతోంది.

సగం నింపిన బస్తా కుట్టి పంపితే ఎవడు దించుకుంటాడని నిన్ననే అడిగాను. ఎదుగుతున్నాం అంది. నేనూ ఎదిగాను, ఎవరి గోడా జరపలేదు.

హమాలీ మేస్త్రి అప్పలస్వామి చూసి వస్తానని వెళ్తాడు. తిరిగొచ్చేసరికి గడ్డం బొడ్డు దాకా పెరిగి ఉంది.

"అమ్మాయిగారు బాగానే ఉన్నారండి. ఆఖరి పాట మూత పడట్లేదంటండి. మిమ్మల్ని లెక్క చెప్పమన్నారు. తొరగా కానియ్యండి, ఇంకో రెండు ఖాళీలైతే ఆరి మాట ఇనపడదు."

లెక్క నాకు కొత్త కాదు. గడప మీద నిలబడి, బస్తాలకు చెప్పినట్టే చెబుతాను. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి. ఒకటికి బదులు లాభం అనడం, ఏడును నోట పలక్కపోవడం మా వ్యాపారంలో ఆచారం. అశుభమని ఆ మాట మా తాత అనలేదు, నాన్న అనలేదు, నలభై ఏళ్ళుగా నేనూ అనలేదు.

గోడౌను మరో పదకొండు అడుగులు సాగుతుంది.

హిమజ గొంతు దారమంత సన్నగా వస్తుంది. "నాన్నా, పాటకి ఏడు దెబ్బలే. మీ ఆరున్నొక్కటి రెండు దెబ్బలు తింటోంది. మిగిలింది ఖాళీగా పడుతోంది. ఏడు అనండి."

మూడు తరాలు మింగిన మాట అది. ఆరున్నర అంటాను, సరిపెట్టుకోమని బేరమాడతాను. బేరం లేదంటుంది. ఆమె మొహం ఇప్పటికే కనబడటం లేదు. కర్రలు రెండూ వరిగడ్డి పరకల్లా ఆడుతున్నాయి. కాసేపట్లో అవీ ఉండవు.

"ఏడు," అంటాను.

గోడ చప్పుడు చేయకుండా వచ్చి నా ముక్కు ముందు ఆగుతుంది. హిమజ మోకాలు నా మోకాలికి తగులుతుంది. పాట మూతపడింది. నా నోరు మూతపడలేదు. నలభై ఏళ్ళుగా అనని ఏడులన్నీ ఒకదాని వెనక ఒకటి, కుట్టిన మూతులతో, నోట్లోంచి దిగుతున్నాయి. నావి అయ్యాక నాన్నవి. నాన్నవి అయ్యాక తాతవి. హిమజ ఒక్కోదాని కుట్టు విప్పి పెద్ద డ్రమ్‌లో పోసుకుంటోంది.

"కదలకండి నాన్నా, ఇవి వచ్చే ఆల్బమ్‌కి."

అప్పలస్వామి, బస్తాలు పొడిచి చూసే గొట్టాన్ని నా చెంపలో గుచ్చుతాడు. అరచేతిలోకి నాలుగు గింజలు రాల్చుకుని ఒకటి కొరుకుతాడు.

"పాత సరుకేనండి," అంటాడు హిమజతో. "పురుగు పట్టలేదు."