బానెట్టు మీద బొట్టు

నేను ఒక పాలిష్ మిషన్ని. అలా మొహం అటు తిప్పేయకండి. బూట్ల పాలిష్ కాదు, కార్ల పాలిష్. మూడు కేజీల ఒళ్ళు, ముందు గుండ్రంగా తిరిగే బిళ్ళ, దానికి మెత్తటి స్పాంజి, వెనక నాకంటే పొడుగైన కరెంటు తీగ. ఇన్నేళ్ళ సర్వీసులో నా కింద పడిన ఏ కారూ మచ్చతో బయటికి వెళ్ళలేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కావాలంటే రాసి పెట్టుకోండి.

పుట్టిందెక్కడో నాకే సరిగ్గా తెలీదు. అట్టపెట్టె మీద ఒక దేశం పేరు, ఒంటి మీద ఇంకో దేశం పేరు, లోపలి తీగ మీద మూడో దేశం పేరు ఉండేవి. చూసినవాళ్ళు ఫారిన్ సరుకన్నారు. కాదనడానికి నేనెవర్ని?

మొదట హైదరాబాదులో ఒక అద్దాల కొట్లో దిగాను. అక్కడ కారుకి ఏసీ ఉండేది, కారు తుడిచేవాడికి ఫ్యాను కూడా ఉండేది కాదు. వచ్చేవన్నీ కొత్త కార్లే. కొత్త కారుకి పాలిష్ ఎందుకండీ అని మీరడుగుతారు. నేనూ మొదట్లో అలాగే ఆశ్చర్యపోయాను. సంగతేంటంటే, షోరూముకి రాకముందు ఆ కారు ఎండలో, దుమ్ములో నెలల తరబడి నిలబడి ఉంటుంది. డెలివరీ రోజు పొద్దున ఎవరో ఒకాయన వచ్చి, పాత బనియను ముక్క పుచ్చుకుని, ఆ దుమ్ముతో సహా గుండ్రంగా తుడిచేస్తాడు. రంగు మీద సాలెగూడులాగా సన్నటి గీతలు పడతాయి. మెడ వంచి, ఎండకి అడ్డంగా నిలబడి, ఒక కన్ను మూసుకుని చూస్తే తప్ప కనపడవు. కొన్నవాడు హాయిగా ఉంటాడు. ఆ హాయి చెడగొట్టడానికే మా వాళ్ళ దగ్గర ఒక లైటు ఉంటుంది.

ఆ లైటు వేసి చూపించారా, ఇంక ఆ మనిషికి ఆ పూట అన్నం సహించదు. నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ ఎక్స్‌రేలో కనపడ్డట్టు కూలబడిపోతాడు. అప్పుడు నన్ను బయటికి తీస్తారు. నేను మందు రాసుకుని, గిర్రున తిరిగి, రంగు మీదున్న గాజులాంటి పొరని వెంట్రుకలో వందో వంతు అరగదీస్తాను. గీతలు పోతాయి. అంటే, గీత పడ్డ చోట చుట్టూ ఉన్నదంతా గీత లోతుకి దించేస్తానన్నమాట. మనుషులు దీన్ని బాగు చెయ్యడం అంటారు.

ఆ తర్వాత కోటింగు. గోళ్ళ రంగు సీసా అంతుంటుంది, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తెస్తారు. కారు మీద రాస్తే గాజులా గట్టిపడి మూడేళ్ళు కాపాడుతుందంటారు. మూడేళ్ళయ్యాక కాపాడిందా లేదా అని అడగడానికి ఎవరూ రారు. ఈలోపు కారే మార్చేస్తారు.

అయినా నా పనితనం మాట ఒప్పుకోవాలి. నేను మెరుగుపెట్టిన తలుపులో ఒక కాకి తన మొహం చూసుకుని, ఎవరో కొత్త కాకి వచ్చిందనుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోట్లాడి, చివరికి రాజీపడి ఆ కారు మీదే కాపురం పెట్టింది. ఇంకోసారి ఒక గేదె నీళ్ళనుకుని వెనక తలుపులోకి తల దూర్చబోయింది.

ఆ అద్దాల కొట్టు మూతపడ్డాక నేను పాత సామాన్ల కింద చేతులు మారి రావులపాలెం చేరాను. కొన్నాయన పేరు మౌనేశ్వరాచారి. పేరులో ఉన్న మౌనం మనిషిలో ఎక్కడా ఉండదు. కుంకుడుకాయ రసంతో నగలకి మెరుగుపెట్టే ఇంట్లో పుట్టినవాడు. పెళ్ళాం తరపువాళ్ళకి రాజమండ్రిలో నగల కొట్టుంటే, అందులో బావమరిది పక్కన స్టూలు మీద ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. బావమరిది కుర్చీకి వీపు ఆన్చుకోవడానికి వెనక చెక్క ఉంటుంది, ఆ స్టూలుకి ఉండదు. తేడా అంతే. ఆ తేడా మీదే ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు పాపం.

చివరికి హైవే పక్కన షట్టరు అద్దెకి తీసుకుని కార్ల పని పెట్టుకుంటానంటే, బావమరిది ఎంతో మర్యాదగా అన్నాడట: “పెట్టుకోండి బావగారూ. దసరా దాకా చూద్దాం. నిలదొక్కుకుంటే సంతోషం. లేకపోతే మీ స్టూలెక్కడికీ పోదు లెండి.”

దసరా ఇంక మూడు వారాలుందనగా అబ్బులుగారి కారొచ్చింది.

గెద్దాడ అబ్బులుగారు కొబ్బరికాయల వ్యాపారి. ఆయన ఏ హోటల్లో పెసరట్టు తింటే ఆ చుట్టుపక్కల కొబ్బరి వ్యాపారులందరికీ అదే హోటలు. ఆయన ఏ పంటి డాక్టరు దగ్గర నోరు తెరిస్తే అందరూ అక్కడే నోళ్ళు తెరుస్తారు. ఆయన కారు బాగుందంటే పదిహేను కార్లు వెనకే వస్తాయి. బాగాలేదంటే ఆచారి రాజమండ్రి వెళ్ళి స్టూలు దుమ్ము దులుపుకోవాల్సిందే. ఈ సంగతి ఆచారికి తెలుసు, బావమరిదికి తెలుసు, నాకూ తెలుసు.

పైగా నల్ల కారు. మా వృత్తిలో నల్ల కారంత చాడీలకోరు ఇంకోటి లేదు. చింతగింజంత తప్పు చేస్తే తాటికాయంత చేసి చూపిస్తుంది.

కారుతో పాటు ఆయన భార్య వరహాలమ్మగారు కూడా దిగింది. బానెట్టు మధ్యలో అరచెయ్యంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. ముందురోజే పంతులుగారు పూజ చేశారట.

“ఆచారిగారూ, మొత్తం చేసుకోండి గానీ ఆ బొట్టు మాత్రం ముట్టుకోకండి. పూజ చేసిన బొట్టు. దానంతటది పోవాలి.”

“అమ్మా, దాని కింద కూడా పాలిష్ పట్టకపోతే రేపు అక్కడ…”

“కింద ఏం లేదు!” అందావిడ గభాలున. “చుట్టూ చేసుకోండి చాలు.”

అబ్బులుగారు మీసం సర్దుకున్నాడు. “ఆవిడ మాటే ఖాయం చేసుకోవయ్యా. మా ఇంట్లో ఫ్యాను కూడా ఆవిడ చెప్పిన స్పీడులోనే తిరుగుద్ది.”

సరే, ఆచారి ఆ బొట్టు చుట్టూ కాగితం టేపు అంటించాడు, గుళ్ళో గర్భగుడి చుట్టూ కటకటాలు కట్టినట్టు. నేను రెండు రోజులు ప్రదక్షిణాలు చేశాను. హైదరాబాదులో మా పాత కొట్టువాళ్ళు చూసుంటే కళ్ళు తిరిగి పడిపోయేవారు.

రెండో రోజు మధ్యాహ్నం, ఇంక జానెడు మేర మిగిలిందనగా, ఫోను మోగింది. బావమరిది. ఆచారి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నన్ను ఒంటి చేత్తో పట్టుకుని మాట్లాడాడు. సరిగ్గా బొట్టు పక్కనే బానెట్టుకి ఒక మడత ఉంది. మడత మీద రంగు పల్చగా ఉంటుంది, అక్కడ నన్ను గాలికి వదిలినట్టు తేలిగ్గా పోనివ్వాలి. “స్టూలు తుడిపించి ఉంచమంటారా బావగారూ?” అన్నాడు అవతలినుంచి. ఆచారి చెయ్యి బరువెక్కింది. నా కింద చిన్న కాలిన వాసన వచ్చింది.

ఎత్తి చూస్తే చింతగింజంత తెల్లమచ్చ. నల్ల కారు మీద, పగిలిన చిప్పలోంచి కొబ్బరి తొంగిచూసినట్టు.

ఏ కారూ మచ్చతో వెళ్ళలేదని మొదట్లో రాసి పెట్టుకోమన్నానా? రాసుకున్నవాళ్ళు కొట్టేసుకోండి. అప్పటికి మనకి పరిచయం కొత్త. మొదటి పలకరింపులోనే ఉన్నదున్నట్టు ఎవరు చెప్పుకుంటారండీ? అసలిది మొదటిది కూడా కాదు. హైదరాబాదులో ఒక ఎర్ర కారు తలుపుంది, ఒక డాక్టరుగారి బంపరుంది… పోనివ్వండి, చచ్చినవాళ్ళ జాబితాలాగా అదిప్పుడెందుకు.

ఆచారి నన్ను కింద పెట్టి, బకెట్టు తిరగేసి దాని మీద కూర్చున్నాడు. వీపు ఆన్చుకోవడానికి దానికీ ఏమీ లేదు. చూడటానికి వచ్చినవాడు పక్క షట్టరులో సీటు కవర్లు కుట్టే పైడిరాజు.

“ఎంత పనైపోయింది ఆచారీ! ఇప్పుడేం చేస్తావ్?”

“ఏం చేస్తాను, బానెట్టుకి మళ్ళీ రంగెయ్యాలి. రంగేసిన కారని తెలిస్తే ఆయన ఊరుకుంటాడా? కొత్త కారు!”

పైడిరాజు మచ్చనీ బొట్టునీ మార్చి మార్చి చూశాడు. “మధ్యలో రెండువేళ్ళ ఎడం కూడా లేదు కదా. బొట్టు కాస్త పెద్దది చేసెయ్. ఎవరైనా టేపు పెట్టి కొలిచారా ఏంటి?”

“ఛీ, ఛీ! దేవుడితో పరాచికాలా?”

“దేవుడేమంటాడు? బొట్టు పెద్దదైతే ఆయనకి ఆనందమే.”

ఆచారి మరో గంట కూర్చుని ఛీ ఛీ అన్నాడు. తర్వాత లేచి, కొట్లో పటం ముందున్న పసుపు పొట్లం, కుంకుమ భరిణె దించాడు. నాలుగు తరాలుగా నగల్లో రాళ్ళు పొదిగిన చెయ్యండీ అది! కొత్త పసుపు అంచుని పాత పసుపులో ఎంత నున్నగా కలిపేసిందంటే, వరహాలమ్మగారి వేలిముద్ర కూడా చెక్కు చెదరలేదు. ఆ సీజన్లో ఆచారి చేసిన అన్ని పనుల్లోకీ అదే శ్రేష్ఠమైన పని. దాన్ని ఎవరికీ చూపించుకోలేకపోవడం ఒక్కటే లోటు.

మిగతా ఒంటికి కోటింగు రాసి, ఒకరోజు ఆరనిచ్చి, బుధవారం పొద్దున కబురు పెట్టాడు.

అబ్బులుగారు వస్తూనే డ్రైవరు తలుపు ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు. వెనక తలుపు ముందుకెళ్ళి మళ్ళీ దువ్వుకున్నాడు. అక్కడ ఇంకా బాగా కనపడిందట. వరహాలమ్మగారు మాత్రం ఏ తలుపూ చూడలేదు. నేరుగా బానెట్టు దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“ఏమేవ్, బొట్టు కాస్త లావైనట్టు లేదూ?” అన్నాడాయన.

నా గుండె జారింది. నాకు గుండె లేదు, బేరింగుంది, అది జారింది.

“ఎండకి సాగుద్ది లెండి,” అందావిడ, ఎక్కడో చూస్తూ. “పదండి, పోదాం.”

పసుపు ఎండకి సాగడం ఆచారి పుట్టి బుద్ధెరిగాక వినలేదు. కానీ గండం గట్టెక్కుతోంటే ఎదురు ప్రశ్న ఎవరేస్తారు? తాళాలు చేతికిచ్చాడు.

అబ్బులుగారు ఆ చెయ్యి పట్టుకున్నాడు. “ఆచారీ, ఇవాళే మా వాళ్ళందరికీ ఫోన్లు చేస్తాను. నువ్వు దాపరికం లేని మనిషివి. అదయ్యా నాకు నచ్చింది.”

ఆ మెచ్చుకోలు ఆచారికి చెంపదెబ్బలా తగిలింది. తాళాలు ఆయన చేతిలోంచి మళ్ళీ తీసేసుకున్నాడు.

“అబ్బులుగారూ, ఆ ఫోన్లు ఇప్పుడే చెయ్యకండి. ఆ బొట్టు నేనే పెంచాను. పక్కన రంగు కాల్చేశాను. కనపడకుండా కప్పాను.”

మీసం రెండు పక్కలా ఒకేసారి దిగిపోవడం నేనప్పుడే చూశాను.

“తుడువు,” అన్నాడాయన.

“వద్దు!” వరహాలమ్మగారు అడ్డం వచ్చేసింది. “శుక్రవారం పూట బొట్టు తుడుస్తారా ఎక్కడైనా!”

“ఇవాళ బుధవారమే.”

“అయినా వద్దు!”

ఆచారి తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. తెల్లమచ్చ బయటపడింది. దాని పక్కనే, పాత బొట్టు ఉన్నచోట, చంద్రవంకలాగా ఒక లోతు గీత కూడా బయటపడింది.

“ఇది కూడా నువ్వేనా?” అన్నాడు అబ్బులుగారు. గొంతు బాగా తగ్గిపోయింది. ఆయన గొంతు తగ్గితే కోపం పెరిగినట్టట.

ఆచారి వంగి చూశాడు. గీత అడుగున సన్నగా ఏదో మెరుస్తోంది. బంగారం పనివాడి కంటికి అదేంటో తెలియడానికి లైటు అక్కర్లేదు. ఇత్తడి. తలెత్తి వరహాలమ్మగారి వైపు చూశాడు. ఆవిడ ముందు టైరు వైపు చూస్తోంది, దానికి గాలెంతుందో తేల్చుకుంటున్నట్టు.

“నేనేనండి,” అన్నాడు ఆచారి.

అలా రెండో తప్పు కూడా నెత్తిన వేసుకున్నాడు వెర్రిబాగులవాడు. ఇంక స్టూలు ఖాయం. వరహాలమ్మగారు టైరు వైపు చూస్తూనే ఉంది. టైరుతోనే అన్నట్టుగా అంది:

“ఆయన కాదు. నేను. హారతి పళ్ళెం చెయ్యి కాలుతోంటే బానెట్టు మీద పెట్టాను. తియ్యబోతే జారింది.”

“ఎప్పుడే?”

“పంతులుగారు కళ్ళు మూసుకోమంటే మీరు మూసుకున్నారు చూడండి, అప్పుడు.”

“కారుకి ఏ ఆపదా రాకూడదని నేను దండం పెట్టుకుంటుంటే, ఆ నిమిషంలోనే గీసేశావా!”

“మీరు మరీ ఎక్కువసేపు పెట్టుకున్నారు.”

అబ్బులుగారు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. తిరిగొచ్చి ఆ రెండు మచ్చల్నీ వేలితో తడిమాడు. “అయితే నా కారు సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట,” అన్నాడు. ఇంకో ప్రదక్షిణం చేశాడు. చివరికి తాళాలు ఆచారి జేబులో పడేశాడు.

“రంగేయించు. మళ్ళీ నువ్వే పాలిష్ పట్టు. అయ్యాక చెప్పు, అప్పుడు చేస్తాను ఫోన్లు. ఆ మిషన్ని మాత్రం అవతల పారెయ్. నాకు దాని వాలకం నచ్చలేదు.”

“మిషను తప్పేం లేదండి,” అన్నాడు ఆచారి. “చెయ్యి నాది.”

దసరాకి ఆచారి రాజమండ్రి వెళ్ళలేదు, షట్టరు ముందు కార్లున్నాయి. పదిహేను కావు, నాలుగే. ఇప్పుడు కొత్త మిషను కొన్నాడు. నేను అటక మీద ఉన్నాను, తీగ ఒంటికి చుట్టుకుని, పండక్కి కుంకుమ బొట్టు పెట్టించుకుంటూ. కింద ఆచారి ఇప్పటికీ మడత దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుంటాడు. వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పేస్తాడు, నా చెయ్యి ఒకసారి జారిందండీ అని.

ఆ రోజు అందరూ ఉన్నదున్నట్టు చెప్పేసుకున్నాక నాకొక్కడికే సిగ్గుగా ఉంది. కాకి నిజం. గేదె నిజం, కావాలంటే గేదెనడగండి. ఈ కథలో నేను కల్పించింది ఒక్క ఫోను. పాపం ఆ బావమరిది ఆ మధ్యాహ్నం ఫోనే చెయ్యలేదు. ఆచారి రెండు చేతుల్తో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు నన్ను. లోపల బేరింగు ఎప్పుడో అరిగిపోయింది, ఫారిన్ సరుకుననే పరువు కోసం చప్పుడు బయటికి రానివ్వకుండా నెట్టుకొచ్చాను. మడత మీదికి రాగానే వణికింది నేను.

మీరెప్పుడైనా రావులపాలెం మీదుగా వెళ్తే ఒక్క నిమిషం ఆగి ఆయనకా మాట చెప్పండి. నేనే చెప్పేవాణ్ణి, కరెంటు ఇస్తే తప్ప నాకు నోరు రాదు.